యూరాలజిస్టును ఎలా ఎంచుకోవాలి: వెతుకులాట మీ బాధతో మొదలుపెట్టండి

పంటినొప్పి వస్తే మంచి డాక్టరెవరని పదిమందిని అడుగుతాం. మూత్రంలో రక్తం పడినా, ధార సన్నబడినా, అంగస్తంభన తగ్గినా ఒక్కరినీ అడగం. కట్టుకున్నవాళ్లకు చెప్పడానికి కూడా నోరు రాదు. దీనివల్ల ఆలస్యం ఎలాగూ అవుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. ఎవరినీ అడగలేదు కాబట్టి, ఫోన్‌లో ముందుగా ఏ ప్రకటన కనిపిస్తే ఆ ఆసుపత్రికే వెళ్తాం. అక్కడ ఆ రోజు ఎవరు ఉంటే వాళ్లే మన డాక్టరు అయిపోతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూత్ర సమస్యలు చూసే సర్జన్లలో, అంటే యూరాలజిస్టుల్లో, అందరికీ పనికొచ్చే నంబర్ వన్ అంటూ ఎవరూ ఉండరు. రాళ్ల ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన డాక్టరు మగవాళ్ల సంతాన సమస్యలు ఎప్పుడో గానీ చూడకపోవచ్చు. క్యాన్సర్ ఆపరేషన్లలో పెద్దపేరున్న డాక్టరుకు, నవ్వితే మూత్రం జారిపోతోందని వచ్చిన ఆవిడకు కేటాయించే సమయం లేకపోవచ్చు. మీ బాధే వారం వారం చూస్తూ, దానికే వైద్యం చేస్తూ ఉన్నవాళ్లు మీకు మంచి డాక్టరు. అందుకే పేర్లు వెతకడానికి ముందు బాధేమిటో తేల్చుకోవాలి.

అసలు వెతికే తీరిక ఉందా?

కొన్ని బాధల్లో డాక్టర్లను పోల్చి చూసుకుంటూ కూర్చోకూడదు. దగ్గర్లో రాత్రీపగలూ ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రి ఏదైతే దానికి నేరుగా వెళ్లిపోవాలి.

మొదటిది, వృషణంలో ఉన్నట్టుండి వచ్చే తీవ్రమైన నొప్పి. పిల్లల్లో, కుర్రాళ్లలో ఇది ఎక్కువ. వృషణం మెలిపడి దానికి రక్తం అందకుండా పోతుంది. సుమారు 6 గంటల్లోపు ఆ మెలిక విప్పితే వృషణం చాలావరకు దక్కుతుంది. ఆ తర్వాత గంట గంటకూ అవకాశం తగ్గిపోతుంది. మగపిల్లలు సిగ్గుతో పొత్తికడుపు నొప్పి అని మాత్రమే చెప్తారు, వాంతులు కూడా అవుతాయి. కాబట్టి కడుపునొప్పి అన్న మగపిల్లాణ్ని కింద నొప్పి ఉందా, వాపు ఉందా అని తప్పకుండా అడగండి. తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు.

రెండోది, రాయి నొప్పితోపాటు చలిజ్వరం. రాయి అడ్డుపడి, దాని వెనక నిలిచిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరిందంటే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు డాక్టర్లు ముందు లోపల స్టెంట్ అనే మెత్తని గొట్టం వేసిగానీ, వీపు వైపు నుంచి చిన్న గొట్టం పెట్టిగానీ ఆ మూత్రాన్ని బయటికి వదిలిస్తారు. రాయి సంగతి ఇన్ఫెక్షన్ తగ్గాక చూస్తారు. ఆ రాత్రి మీకు కావలసింది ఈ పని వెంటనే చేయగల ఆసుపత్రి, రాళ్ల నిపుణుడు తర్వాత.

మూత్రం పూర్తిగా బిగుసుకుపోవడం, రక్తపు గడ్డలు పడి ధార ఆగిపోవడం, అంగస్తంభన 4 గంటలు దాటినా తగ్గకపోవడం కూడా ఎమర్జెన్సీ కిందికే వస్తాయి.

వీటికి కాస్త ఇవతల ఇంకొకటి ఉంది, నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా రావడం. ఒక్కసారి వచ్చి ఆగిపోతుంది, మళ్లీ రాలేదు కదా అని చాలామంది ఊరుకుంటారు. దయచేసి ఊరుకోవద్దు. మూత్రాశయ క్యాన్సర్ చాలాసార్లు మొదట బయటపడేది ఇలాగే. పొగతాగేవాళ్లకు, మానేసినవాళ్లకు కూడా ఆ ముప్పు ఎక్కువ. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను కాబట్టి వచ్చిందేమో అని సర్దిచెప్పుకోవడమూ పొరపాటే. ఆ మాత్రలు వాడేవాళ్లకు కూడా పరీక్షలు అవసరమే. దీనికి అర్ధరాత్రి పరుగెత్తనక్కర్లేదు గానీ నెలలు గడవనివ్వకూడదు. రోజుల్లోనే డాక్టరుకు చూపించుకోండి.

మీకు కావలసింది యూరాలజిస్టేనా?

కిడ్నీ అనగానే ఏ డాక్టరైనా ఒకటే అనుకుంటాం. నెఫ్రాలజిస్టు కిడ్నీ పనితీరు చూస్తారు. క్రియాటినిన్ పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, షుగర్‌వల్ల కిడ్నీ దెబ్బతినడం, డయాలసిస్ అన్నీ వాళ్ల పని. యూరాలజిస్టు సర్జన్. కిడ్నీ నుంచి మూత్రం బయటికి వచ్చే దారి మొత్తం, ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ, యూరాలజిస్టు పరిధిలోకి వస్తుంది. రాళ్లు, అడ్డంకులు, గడ్డలు, ప్రొస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి), మూత్రం ఆపుకోలేకపోవడం, మగవాళ్ల జననాంగాల సమస్యలు వాళ్లే చూస్తారు. క్రియాటినిన్ పెరిగినా స్కానింగ్‌లో కిడ్నీ ఉబ్బి కనిపిస్తే, అంటే ఎక్కడో అడ్డు ఉందంటే, ముందు యూరాలజిస్టు. ఉబ్బు లేకపోతే నెఫ్రాలజిస్టు. కొందరికి ఇద్దరూ కావాలి.

ప్రతి మూత్రంలో మంటకూ యూరాలజిస్టు అక్కర్లేదు. ఆడవాళ్లలో అప్పుడప్పుడు వచ్చే ఇన్ఫెక్షన్‌ను మీ ఫ్యామిలీ డాక్టరే చూడగలరు. 6 నెలల్లో రెండుసార్లో, ఏడాదిలో మూడుసార్లో వచ్చిందంటే మాత్రం మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోందో వెతకాలి. అంగస్తంభన సమస్యకు కూడా మొదట బీపీ, షుగర్, కొలెస్టరాల్ చూపించుకోవడం మంచిది. గుండె రక్తనాళాల జబ్బు బయటపడటానికి కొన్నేళ్ల ముందే ఇది సూచనగా కనిపించవచ్చు. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ లాంటి అంగస్తంభన మాత్రలు వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునే మాత్ర కాదది.

యూరాలజీలో ఎవరి దారి వారిది

మీ బాధ పేరు తెలిశాక ఆ శాఖలో ఎవరు అన్నది చూడండి. రాళ్ల పని ఎక్కువగా చేసేవాళ్లను ఎండోయూరాలజిస్టులు అంటారు. క్యాన్సర్లకు యూరో ఆంకాలజిస్టులు. మూత్రనాళం సన్నబడి కుంచించుకుపోయినవాళ్లకు మరమ్మతు ఆపరేషన్లు చేసేవాళ్లు వేరే ఉంటారు. ఈ చివరిదాని గురించి ఒక మాట. నాళం సన్నబడిన ప్రతిసారీ గొట్టంతో వెడల్పు చేయించుకుంటూ, కొన్ని నెలలకు మళ్లీ అదే బాధతో తిరిగేవాళ్లు చాలామంది. రెండోసారి కూడా మూసుకుపోతే, శాశ్వత మరమ్మతు చేసే నిపుణులను ఒకసారి కలవండి. మీ డాక్టరు ఎంత మంచివారైనా అది ఆయన రోజూ చేసే పని కాకపోవచ్చు.

సంతాన సమస్య ఉన్న మగవాళ్లు ఆండ్రాలజీ తెలిసిన యూరాలజిస్టును చూడాలి. బలం కోసమని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటే వీర్యకణాల తయారీ పడిపోతుంది. పిల్లలు కావాలనుకుంటున్నామని చెప్పినా ఎవరైనా అవే రాసిస్తే అక్కడ ఆగండి.

ఆడవాళ్లకు మూత్రం జారిపోయే సమస్య ఉంటే, ఆ పనిలో శిక్షణ పొందిన యూరాలజిస్టుగానీ యూరోగైనకాలజిస్టుగానీ సరిపోతారు. దగ్గినా తుమ్మినా జారే రకానికి కటి కండరాల వ్యాయామాలు, ఫిజియోథెరపిస్టు దగ్గర సరిగ్గా నేర్చుకుని కనీసం 3 నెలలు చేయడం మొదటి వైద్యం. ఆ ఊసే ఎత్తకుండా ఆపరేషన్ తేదీ ఇస్తే వేరే డాక్టరును చూడటం మేలు.

చిన్నపిల్లలకు పిల్లల యూరాలజిస్టో, పిల్లల సర్జనో కావాలి. వృషణం కిందికి దిగని బాబుకు 6 నెలలు వచ్చినా అది దిగకపోతే చూపించాలి. ఆపరేషన్ ఏడాదిన్నర లోపు అయిపోవడం మంచిది. పెద్దయ్యాక అదే దిగుతుందనే మాట నమ్మి ఏళ్లు గడిపేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

మీ ఫ్యామిలీ డాక్టరునే అడగండి. కానీ అడిగే తీరు ముఖ్యం. మంచి యూరాలజిస్టు ఎవరు అంటే అలవాటైన పేరేదో చెప్తారు. ఇదే బాధ మీ అమ్మగారికో నాన్నగారికో వస్తే ఎవరి దగ్గరికి తీసుకెళ్తారు అని అడిగి చూడండి, ఆలోచించి చెప్తారు. ఆపరేషన్ థియేటర్లో పనిచేసే నర్సులు, మత్తు డాక్టర్లు మీకు తెలిసినవాళ్లలో ఉంటే వాళ్లను మించినవాళ్లు లేరు. ఎవరి చేతిలో పని నిదానంగా, శుభ్రంగా సాగుతుందో, ఎవరి పేషెంట్లు మళ్లీ థియేటర్‌కు వస్తున్నారో వాళ్లకు తెలుస్తుంది. అదే ఆపరేషన్ అయ్యి ఏడాది దాటినవాళ్ల మాట కూడా విలువైనదే. వారం కిందట ఇంటికొచ్చినవాళ్లు ఆసుపత్రి గురించి చెప్పగలరు గానీ ఫలితం గురించి చెప్పలేరు.

ఇంటర్నెట్‌లో ఇచ్చే నక్షత్రాల సంగతికొస్తే, అవి ఎక్కువగా ఎంతసేపు కూర్చోబెట్టారు, రిసెప్షన్‌లో ఎలా మాట్లాడారు అన్నవాటికి పడే మార్కులు. ఆపరేషన్ ఎలా చేస్తారో వాటివల్ల తెలియదు. అయినా చదవండి. ఆపరేషన్ తర్వాత ఫోన్ ఎత్తలేదు, రిపోర్టులు ఇవ్వలేదు అన్న ఫిర్యాదు ఒకే డాక్టరు మీద పదే పదే కనిపిస్తే పట్టించుకోవాలి.

మూడు పేర్లు చాలు. ప్రతి పేరునూ మీరున్నచోట వైద్యులను నమోదు చేసే మండలి రిజిస్టర్‌లో చూడండి. చాలా దేశాల్లో అది ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. చూడవలసింది యూరాలజీలో ప్రత్యేక శిక్షణ పూర్తిచేశారా లేదా అని. భారత్‌లో అది ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్ఎన్‌బీ అంటున్నారు) యూరాలజీ, అమెరికాలో అమెరికన్ బోర్డ్ ఆఫ్ యూరాలజీ సర్టిఫికేషన్, బ్రిటన్‌లో ఎఫ్ఆర్‌సీఎస్ యూరాలజీ. బోర్డు మీద సెక్సాలజిస్టు, రహస్య వ్యాధుల నిపుణుడు అని రాసుకున్నంత మాత్రాన యూరాలజిస్టు అయిపోరు.

డాక్టరుతోపాటు ఆసుపత్రినీ చూడండి. చిన్న రాయికి, సున్తీకి పెద్ద హంగులు అక్కర్లేదు. కిడ్నీ తీసే ఆపరేషనో, క్యాన్సరో అయితే ఐసీయూ, రక్తం నిల్వ, రాత్రిపూట సీటీ స్కాన్, రాత్రి ఏదైనా అయితే వచ్చే సర్జన్ ఉండాలి. మామూలుగా చూపించుకోవడానికి ఇంటికి దగ్గర్లో ఉన్నవాళ్లు మేలు. ఒక్కసారి జరిగే పెద్ద ఆపరేషన్‌కు దూరమైనా వెళ్లొచ్చు.

అపాయింట్‌మెంట్‌కు ముందు మూడు రోజులు

ఎంత గొప్ప డాక్టరైనా మీకిచ్చేది పది పదిహేను నిమిషాలు. ఆ నిమిషాలు వృథా కాకుండా ఉండాలంటే ఇంట్లోనే కొంత పని జరగాలి. మాటిమాటికీ వెళ్లాల్సి వస్తోంది, రాత్రి లేవాల్సి వస్తోంది, ఆపుకోలేకపోతున్నాను అనేవాళ్లు మూడు రోజులు మూత్రం డైరీ రాయండి. ఇదేమీ కష్టం కాదు. గీతలున్న ప్లాస్టిక్ కొలత గ్లాసు ఒకటి బాత్రూంలో పెట్టుకోండి. తాగినప్పుడల్లా ఎంత తాగారో, పోసినప్పుడల్లా టైమూ, ఎంత వచ్చిందో రాయండి.

ఉదాహరణకు ఒక పెద్దాయన కాగితంలో ఇలా ఉందనుకోండి. రాత్రి 10.30కు పడుకునేముందు 200 మిల్లీలీటర్లు. 12.45కు 350. 3.10కి 400. తెల్లవారి 6 గంటలకు లేవగానే 350. పడుకునేముందు పోసిన ఆ 200తో కలిపి పగలంతా 900. ఆయన ప్రొస్టేట్ మాత్ర అడగడానికి వచ్చారు. డాక్టరు కాగితం చూసి, పడుకున్న తర్వాత వచ్చినదీ లేవగానే వచ్చినదీ కూడారు, 1,100 అయింది. 24 గంటల మొత్తం 2,000. అంటే సగానికి పైగా రాత్రే తయారవుతోంది. పెద్దవయసులో మూడోవంతు దాటితేనే ఎక్కువ కింద లెక్క. పైగా ఒక్కోసారి 350, 400 వస్తోందంటే మూత్రాశయం బాగానే పట్టి ఉంచుతోంది. ఇక చూడాల్సింది కాళ్ల వాపు, గుండె, నిద్రలో గురకపెట్టి ఊపిరి ఆగడం, షుగర్, సాయంత్రం తాగే నీళ్లు, బీపీ మాత్ర వేసుకునే వేళ. ఆ కాగితం లేకపోతే ఆయన ప్రొస్టేట్ మాత్రతో ఇంటికెళ్లి ఏడాదంతా రాత్రిళ్లు లేస్తూనే ఉండేవారు.

ప్రొస్టేట్ బాధ ఉన్నవాళ్లు ఐపీఎస్ఎస్ అనే ప్రశ్నపత్రం నింపి తీసుకెళ్లండి. ఏడు ప్రశ్నలు, మొత్తం 35 మార్కులు. 7 వరకు తక్కువ, 8 నుంచి 19 మధ్యస్థం, 20, ఆ పైన అయితే ఎక్కువ. ఈ మార్కుల్లో కలవని ఎనిమిదో ప్రశ్న ఇంకా ముఖ్యం: ఇలాగే జీవితాంతం ఉంటే మీకెలా అనిపిస్తుంది అని అడుగుతుంది. ఫర్వాలేదు, బతికేస్తాను అనేది మీ నిజమైన జవాబైతే, ఆపరేషన్‌కు తొందరపడాల్సిన పని చాలామందికి ఉండదు.

ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానం తెలుసుకోవడానికి చేసే పీఎస్ఏ రక్తపరీక్ష చేయించుకునేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గాక 6 వారాలు ఆగాలి. పరీక్షకు ముందు 48 గంటలు వీర్యస్ఖలనం, బాగా సైకిలు తొక్కడం వద్దు. ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడినవాళ్లలో పీఎస్ఏ సుమారు సగానికి తగ్గి కనిపిస్తుంది. జుట్టు కోసం వాడే చిన్న మోతాదు ఫినాస్టెరైడ్‌తో కూడా తగ్గుతుంది. జుట్టు మందే కదా అని చెప్పడం మానేయకండి.

పాత రిపోర్టులతోపాటు స్కాన్ ఫిల్ములు, సీడీలు కూడా తీసుకెళ్లండి. సర్జన్లు రిపోర్టు కాగితం కంటే బొమ్మను స్వయంగా చూడటానికే ఇష్టపడతారు. మందుల పేర్లు గుర్తుండవు, అట్టలు పట్టుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలుంటే కాగితంలో మొదటి వరుసలో రాయండి. వాటిని మీ అంతట మీరు ఆపకండి.

స్కానింగ్ సెంటర్‌లో జరిగే ఒక విషయం కూడా తెలిసి ఉండాలి. లీటరు నీళ్లు తాగించి, ఇక ఆపుకోలేననేదాకా కూర్చోబెట్టి, అప్పుడు పోసి రమ్మంటారు. పొంగేంత నిండిన మూత్రాశయం ఒక్కసారిగా ఖాళీ కాదు. లోపల మూత్రం మిగిలిపోతోందని రిపోర్టు వస్తుంది, టెన్షన్ మొదలవుతుంది. మామూలుగా వెళ్లాలనిపించినప్పుడు పోసి, వెంటనే మళ్లీ చూపించుకుంటే ఆ అంకె చాలాసార్లు తగ్గుతుంది. గరాటు లాంటిదాన్లో పోసి ధార వేగం కొలిచే యూరోఫ్లో పరీక్షకూ ఇదే వర్తిస్తుంది. కనీసం 150 మిల్లీలీటర్లు రావాలి, లేకపోతే ఆ గ్రాఫును నమ్మడం కష్టం.

డాక్టరు గదిలో

అసలు విషయం మొదటి వాక్యంలోనే చెప్పేయండి. చాలామంది కొంచెం మంటగా ఉంటోందండి అని మొదలుపెట్టి, మందులు రాయించుకుని, తలుపు దగ్గరకెళ్లాక వెనక్కి తిరిగి ఇంకోటి కూడా ఉందండి అంటారు. అప్పటికి తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేసి ఉంటారు. నోరు రాకపోతే కాగితం మీద రాసి చేతికివ్వండి. యూరాలజిస్టు రోజంతా వినేది ఇవే మాటలు, మీరు చెప్పేది ఆయనకు కొత్త కాదు. పరీక్ష చేసేటప్పుడు తోడు ఒకరు ఉండాలని అడిగే హక్కు ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఉంది. ఆడ డాక్టరే కావాలనుకుంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి.

మీరు గమనించాల్సింది పెద్దగా ఏమీ లేదు. మీరు చెప్పింది విన్నారా? ఒంటిమీద చెయ్యి వేసి పరీక్ష చేశారా? స్కాన్ మీకు చూపించి, జబ్బేమిటో మీకు అర్థమయ్యే మాటల్లో చెప్పారా? ప్రొస్టేట్ అనుమానం ఉన్నప్పుడు మలద్వారం నుంచి వేలితో చేసే పరీక్ష కొన్ని సెకన్ల పని. ఇబ్బందిగా ఉంటుంది గానీ నొప్పి పెద్దగా ఉండదు.

ఆ తర్వాత మీరు అడగాల్సినవి అడగండి. ఇప్పుడేమీ చేయకుండా ఉంటే ఏమవుతుంది? ఇది తప్ప వేరే దారులేమున్నాయి? ఆ దారుల్లో మీరు చేయని పద్ధతి ఏదైనా ఉందా, ఉంటే అది నాకు నప్పుతుందా? ఈ చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. చాలా చోట్ల ఉన్న మిషన్‌ను బట్టి సలహా ఉంటుంది. ప్రొస్టేట్‌కు మూత్రనాళం గుండా వెళ్లి గీకి తీసే మామూలు టీయూఆర్‌పీ ఉంది, హోల్మియం లేజర్‌తో చేసే హోలెప్ ఉంది, ఇంకా చిన్న పద్ధతులున్నాయి. మొదటి రెండింటి తర్వాత చాలామందిలో వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెనక్కి వెళ్తుంది. ఆరోగ్యానికి హాని లేదు, కానీ ఆ ముక్క ముందే చెప్పకపోతే ఇంటికెళ్లాక మనిషి కుంగిపోతాడు. చెప్పే డాక్టరును ఎంచుకోండి.

రాళ్ల విషయంలో సైజూ, స్థానమూ అడగండి. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు ఎక్కువశాతం వాటంతటవే పడిపోతాయి. జ్వరం లేక, నొప్పి మాత్రలకు లొంగుతూ, కిడ్నీ బాగా పనిచేస్తుంటే కొన్ని వారాలు చూడొచ్చు. కిడ్నీలో 2 సెంటీమీటర్లు దాటిన రాయికి సాధారణంగా వీపు నుంచి చిన్న రంధ్రంతో చేసే పీసీఎన్ఎల్ వైపు మొగ్గుతారు. బయటికొచ్చిన రాయిని పారేయకుండా ల్యాబ్‌కు పంపిస్తారా అని కూడా అడగండి. రాయి దేనితో తయారైందో తెలిస్తేనే మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పగలరు.

కోత అవసరమని చెప్పినప్పుడు

ఇక్కడ మొహమాటం పక్కన పెట్టాలి. ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, మీ పేషెంట్లలో ఏడాది తర్వాత ఎంతమంది మూత్రం జారక ప్యాడ్ లేకుండా ఉంటున్నారు, నా ఆపరేషన్ మీరే చేస్తారా, మీ దగ్గర నేర్చుకునేవాళ్లు చేస్తారా అని అడగండి. ప్రొస్టేట్ మొత్తం తీసే ఆపరేషన్, మూత్రాశయం తీసే ఆపరేషన్ లాంటి పెద్దవాటిలో ఎక్కువ చేసే సర్జన్ల, ఎక్కువ జరిగే ఆసుపత్రుల ఫలితాలు మెరుగ్గా ఉంటాయని పదే పదే తేలింది. తన లెక్కలు రాసుకునే సర్జన్ ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు. కోపం వస్తే మీకు జవాబు దొరికినట్టే.

రోబో ఉందా అన్నది చాలామంది మొదటి ప్రశ్న. ఉంటే మంచిదే, రక్తం తక్కువ పోతుంది. కానీ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులను రోబో, తెరిచి చేసే ఆపరేషన్ అని రెండు గుంపులుగా చీటీ వేసినట్టు విడదీసి చూస్తే, 2018లో ప్రచురించిన రెండేళ్ల ఫలితాల్లో మూత్రంపై పట్టు, లైంగిక శక్తి రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. అందుకే మిషన్ పేరుకన్నా దాన్ని పట్టే చెయ్యి గురించి ఎక్కువ అడగండి.

ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలినవాళ్లు ఇంకో అడుగు వేయాలి. సర్జన్‌తోపాటు రేడియేషన్ డాక్టరును కూడా కలవండి. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పెద్ద అధ్యయనంలో, గ్రంథిలోనే ఉన్న క్యాన్సర్‌తో ఉన్నవాళ్లను ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టి చూడటం అని మూడు గుంపులు చేశారు. 15 ఏళ్ల తర్వాత 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు మూడు గుంపుల్లోనూ నూటికి ఇద్దరు ముగ్గురే. తేడా అంతా దుష్ప్రభావాల్లోనే ఎక్కువగా కనిపించింది. కనిపెట్టి చూసిన గుంపులో క్యాన్సర్ పాకడం ఎక్కువే ఉంది, కాబట్టి ఇది వదిలేయడం కాదు. అందరి క్యాన్సరూ ఆ రకం కూడా కాదు. కానీ తక్కువ ప్రమాదపు క్యాన్సర్‌కు వచ్చే సోమవారమే ఆపరేషన్ అనే డాక్టరు దగ్గర ఆగి ఆలోచించడానికి ఇది చాలు. బయాప్సీలో తీసిన ముక్కల స్లైడ్లను వేరే పాథాలజిస్టుతో మళ్లీ చదివించడం కూడా మంచి పని. చికిత్స మొత్తం ఆ చదివినదాని మీదే నడుస్తుంది.

ఒక్క పీఎస్ఏ అంకె చూసి, మళ్లీ చేయించకుండా, ఎంఆర్‌ఐ మాటే ఎత్తకుండా నేరుగా బయాప్సీకి రమ్మనేవాళ్లు, నూటికి నూరుపాళ్లు గ్యారంటీ ఇచ్చేవాళ్లు, ఈ రోజే డబ్బు కడితే తగ్గింపు అనేవాళ్లు, రిపోర్టులు చేతికివ్వనివాళ్లు ఎవరైనా సరే, లేచి వచ్చేయండి. ఎమర్జెన్సీ కాని ఏ ఆపరేషన్‌కైనా రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. మొదటి డాక్టరు ఏం చెప్పారో ముందే చెప్పకుండా రిపోర్టులు మాత్రమే చూపించి అడగండి. ఇద్దరూ ఒకటే అంటే మనసు కుదుటపడుతుంది. వేరువేరుగా చెప్తే, ఎందుకు అలా అనుకుంటున్నారని ఇద్దరినీ అడగండి. మూడో డాక్టరు కోసం పరుగెత్తేకంటే ఆ కారణాలు వినడంవల్ల ఎక్కువ తెలుస్తుంది.

ఆపరేషన్ అయ్యాక

డిశ్చార్జి కాగితంలో ఏం చేశారు, లోపల ఏం ఉంచారు, ఎప్పుడు తీయాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. ముఖ్యంగా డీజే స్టెంట్. రాయి ఆపరేషన్ తర్వాత కిడ్నీకీ మూత్రాశయానికీ మధ్య ఉంచే ఈ మెత్తని గొట్టం ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది, నడిస్తే మూత్రం ఎర్రగా రావచ్చు, పోసేటప్పుడు నడుము పక్క లాగుతుంది. అవన్నీ మామూలే. కొందరిలో ఏ బాధా ఉండదు, అలాంటివాళ్లే దాన్ని మరిచిపోతారు. నెలల తరబడి అలాగే ఉండిపోతే దాని చుట్టూ రాయి పేరుకుని, చిన్న పనిగా అయిపోవాల్సింది పెద్ద ఆపరేషన్ అవుతుంది, కిడ్నీ పోయే ప్రమాదం కూడా ఉంది. సాధారణంగా 3 నెలలు దాటనివ్వరు. మంచి డాక్టరు దగ్గర స్టెంట్ వేసినవాళ్ల పట్టిక ఉంటుంది, తేదీ దాటితే వాళ్లే ఫోన్ చేస్తారు. మీ డాక్టరు దగ్గర అలాంటిది ఉందో లేదో అడగండి. ఉన్నా లేకపోయినా డిశ్చార్జి రోజే స్టెంట్ తీసే తేదీ వేయించుకుని, మీ ఫోన్‌లోనూ ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ అలారం పెట్టండి. రాత్రి జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా ఏ నంబరుకు చేయాలో అదే కాగితం మీద రాయించుకుని, ఆసుపత్రి గేటు దాటకముందే ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేసి చూడండి.